గొంతు వాళ్ల దగ్గరుంది

ఊళ్లో ఆమెను చూసి గుర్తుపట్టేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. విని గుర్తుపట్టనివాళ్లు మాత్రం లేరు. పంతొమ్మిదేళ్లుగా పెద్ద బస్‌స్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఏది అసలు రాదో చెప్పే గొంతు ఆమెదే. చిన్నాపెద్దా అందరికీ ఆమె మైకక్క. కూరగాయల కొట్లో తలవంచుకుని అరకిలో ఉల్లిపాయలు అడిగితే చాలు, కొట్టతను తలెత్తి, ఏ నంబరు ప్లాట్‌ఫారం మీదికి పంపమంటావక్కా అని మొదలుపెట్టేవాడు. ఆమె సిగ్గుతో సంచీ తెరిచి పట్టుకునేదే తప్ప బదులు చెప్పేది కాదు. ఎదుట మనిషి ఉంటే ఆమెకు నోరు పెగలదు. పెళ్లయిన కొత్తలో ఆమె భర్త, ఈవిడ మాట వినాలంటే నేను రోజూ బస్‌స్టాండుకు పోవాలి కాబోలు అని నవ్వేవాడు.

కంట్రోలర్ గదిని ఆనుకుని, రెండు కుర్చీలు వేస్తే నిండిపోయే అద్దాల గది ఆమెది. ముందున్న అద్దానికి చేయి పట్టేంత సందు. డిపోలోంచి బస్సు కదిలిందని రాసిన చీటీ ఆ సందులోంచి లోపలికి వస్తుంది. చీటీ చేతికొచ్చేదాకా ఆమె ఏ బస్సూ వస్తుందని చెప్పదు. ఎవరు బతిమాలినా చెప్పదు. పంతొమ్మిదేళ్లలో ఆ మైకులో "వస్తుందేమో" అన్న మాట ఒక్కసారి కూడా పలకలేదు. వరదలొచ్చిన ఏడాది వంతెన కుంగిందని చీటీ వచ్చినప్పుడు, వంతెన కుంగింది, ఎవరూ బయలుదేరకండి, ఉన్నచోటే కూర్చోండి అని ఆమె మూడుసార్లు చెప్పింది. తొమ్మిది వందల మంది ఉన్నచోటే కూర్చున్నారు. తోసుకోలేదు, అరుచుకోలేదు. తెల్లవారేదాకా మూటల మీద తలలు పెట్టుకుని పడుకున్నారు. మైకక్క చెప్పిందంటే ఇక అంతే అన్న పేరు ఆనాటిది. ఆ మంచి పేరే చివరికి ఆమె మెడకు చుట్టుకుంది.

ఎన్నికలు పదకొండు రోజుల్లోకి వచ్చాయి. వచ్చాయన్నమాటే గాని, వస్తాయని ఎవరికీ నమ్మకం లేదు. ఈపాటికి బడుల్లోకి చేరవలసిన ఓట్ల పెట్టెలు చేరలేదు. గదులు ఖాళీ చేయమని హెడ్మాస్టర్లకు రావలసిన కాగితం రాలేదు. కాలేజీ మైదానంలో మాత్రం టార్పాలిన్లు కప్పిన లారీలు వరసగా వచ్చి ఆగాయి. వాటి కింద ఏముందో చూడబోయినవాళ్లను కాపలావాళ్లు తిట్టను కూడా తిట్టలేదు, ఊరికే చూశారట. ఆ చూపు కన్నా తిట్టే నయమని చూసొచ్చినవాళ్లు అన్నారు. దేశాన్నేలే పెద్దాయన టీవీలో కనబడి, దేశక్షేమం కోసం ఎంతటి కఠిన నిర్ణయానికైనా వెనుకాడేది లేదని వారంలో మూడుసార్లు చెప్పాడు. వీధి స్తంభాలకు కొత్త లౌడ్‌స్పీకర్లు బిగించారు. ఎన్నికల సమాచారం కోసం అన్నారు. సైనిక పాలన అన్న మాట ఎవరూ పూర్తిగా అనేవాళ్లు కాదు. "అది వస్తే" అనేవాళ్లు. అంటే అవతలివాళ్లకు అర్థమైపోయేది.

మైకక్క భర్త తాళాలు బాగుచేస్తాడు. ఆ వారం అతనికి భోజనానికి తీరిక లేదు. తలుపులకు లోపలివైపు అడ్డగడియలు బిగించమని వీధికి పదిమంది పిలిచారు. జనానికి దొంగల భయం పోయి దొరల భయం పట్టుకుందే అని ఇంటికొచ్చి నవ్వబోయాడుగాని, నవ్వు సగంలో ఆగిపోయింది. అతని తల్లి అప్పటికే గోడకు జారబడి కూర్చుని పాతకథ మొదలుపెట్టి ఉంది.

ఆ కథ మైకక్కకు కంఠతా వచ్చు. వెనక ఒకసారి ఎన్నికలు ఆరు నెలలు వాయిదా అన్నారు. ఆ ఆరు నెలలు తొమ్మిదేళ్లయ్యాయి. మొదటి వారంలో, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా కర్ఫ్యూ సడలిస్తున్నామని రేడియోలో చెప్పారు. ఇంట్లో జ్వరంతో ఉన్న పిల్లవాడికి, అంటే ఇప్పటి ఈ భర్తకే, మందు తేవడానికి మామగారు నాలుగు కొట్టగానే బయలుదేరారు. వేళ ఐదింటికి మార్చారట. రేడియోవాళ్లు పాతదే వినిపించారు. మామగారు పద్నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చారు. ఆ తర్వాత ఆయన దేని గురించీ ఇది బాగుంది, అది బాగాలేదు అని అన్న పాపాన పోలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా అనలేదు, మారుమాట లేకుండా తినేసేవారు.

"పట్టుకుపోయినవాడి ముఖం నాకు గుర్తులేదే," అంది అత్తగారు ఆ సాయంత్రం. "ఆ రేడియోవాడి గొంతు మాత్రం గుర్తుంది. ఎంత కమ్మగా చెప్పాడనీ, నమ్మి పంపించాను."

ఎన్నిసార్లు విన్న కథో. అయినా మైకక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎందుకంటే ఆ రోజు పగలు ఆమె ఎక్కడికి వెళ్లొచ్చిందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

పొద్దున సమాచార శాఖ గుమస్తా ఒకడు బస్‌స్టాండుకు వచ్చి, కంట్రోలర్‌కు కాగితం చూపించి, ఆమెను వెంటబెట్టుకుపోయాడు. కిటికీలన్నీ మూసి గోడలకు పరుపులు కొట్టిన గది అది. ఒక ఆఫీసరు, రికార్డింగు మిషను దగ్గర ఒక కుర్ర టెక్నీషియను. ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. మంచినీళ్లు ఇప్పించాడు. మీ మాటంటే ఈ ఊరికి గురి అమ్మా, వరదలప్పుడు విన్నాం అన్నాడు. ఇక్కడ చదివింది బయట చెప్పనని ఒక కాగితం మీద సంతకం చేయించుకుని, ఆ తర్వాత ఆరు పేజీల జాబితా చేతికిచ్చాడు.

జాబితాలో వాక్యాలు లేవు, ముక్కలున్నాయి. దయచేసి గమనించండి. ఈ రోజు. రేపు. సోమవారం, మంగళవారం, అలా వారంలోని ఏడు రోజులూ. ఒకటి నుంచి ముప్ఫై ఒకటి దాకా అంకెలు. గంటల నుంచి. గంటల వరకు. ఊళ్లోని వీధుల పేర్లు. టెక్నీషియను, మధ్యలో వచ్చే ముక్కను గొంతు నిలబెట్టి, చివర వచ్చే ముక్కను గొంతు దించి చదవమని నేర్పాడు. అలాగైతేనే ఏ ముక్కకు ఏ ముక్క అతికినా అతుకు తెలియదట. ఆమెకు అది కొత్తకాదు. బస్సుల పేర్లు అలా చదివి చదివి నాలుక అరిగిపోయి ఉంది. మొదటి మూడు పేజీలు నీళ్లు తాగినట్టు చదివేసింది.

నాలుగో పేజీ దగ్గర ఆగింది. ఎన్నికలు. పోలింగు. తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు. వాయిదా వేయబడింది. ప్రజలెవరూ. ఇళ్లలోంచి బయటకు రాకూడదు. గుమిగూడినచో. కాల్చివేయబడుదురు.

ఆమె తలెత్తింది. ఆఫీసరు ముందే కనిపెట్టినట్టు, అన్నిటికీ సిద్ధంగా ఉండాలి కదమ్మా, అవసరం పడకపోవచ్చు, రేపు మళ్లీ వరదలొచ్చినా పనికొస్తాయి అన్నాడు. వరదల్లో ఎవరిని కాలుస్తారని అడగాలనుకుంది. అడగలేదు. ఎదుట మనిషి ఉన్నాడు. చివరి ముక్క చదివేటప్పుడు గొంతు వణికితే టెక్నీషియను నాలుగుసార్లు మళ్లీ చదివించాడు. నాలుగోసారి వణకలేదు. ఆమెను ఎక్కువగా భయపెట్టింది అదే.

ఆ సాయంత్రం, మరునాడు పొద్దున ఇల్లు ఊడ్చేటప్పుడు, నీళ్లు పట్టేటప్పుడు, నడుచుకుంటూ పనికి పోయేటప్పుడు ఆమె తలలో ఆ ముక్కలు వాటంతటవే అతుక్కుంటూనే ఉన్నాయి. ఈ రోజు, సాయంత్రం, నాలుగు, గంటల నుంచి. ఎవరింట్లో పిల్లవాడికి జ్వరమో. ఏ తండ్రి ఆ మాట నమ్మి చెప్పులేసుకుంటాడో. భర్తకు చెబుదామంటే సంతకం చేసింది. చెప్పకుండా ఉందామంటే అత్తగారి మాట వదలడం లేదు. ఆమె నోరు మూసుకునే వచ్చి అద్దాల గదిలో కూర్చుంది.

ఎనిమిదిన్నరకు సందులోంచి చీటీ వచ్చింది. గనులకు వెళ్లే ఎనిమిది నలభై బస్సు చెడిపోయింది, మరో బస్సు వచ్చేదాకా ప్రయాణికులను ఆగమనాలి. ఇలాంటి చీటీ ఆమె కొన్ని వేలసార్లు చదివి ఉంటుంది. మీట నొక్కింది.

"గనులకు వెళ్లే ఎనిమిది నలభై బస్సు, తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు వాయిదా వేయబడింది. ప్రజలెవరూ..."

అక్కడ ఆగింది. తన గొంతు పద్నాలుగు స్పీకర్లలోంచి తిరిగి తన చెవినే పడ్డాక ఆగింది.

ప్లాట్‌ఫారాల మీద అరుపులేవీ వినబడలేదు. టీ కొట్టు దగ్గర ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు ఆమెకు అద్దంలోంచి వినిపించింది. గనుల బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకోలేదు, అందరూ అద్దాల గదివైపు చూశారు. ఒకడు పెట్టె ఎత్తుకున్నాడు. అది చూసి ఇంకో ఇద్దరు. అంతే, నిమిషంలో ఆ చివరినుంచి ఈ చివరిదాకా జనం లేచారు. పిల్లల చేతులు పట్టుకుని గేటువైపు నడవడం మొదలుపెట్టారు, పరిగెడితే ఎవరైనా కాలుస్తారేమోనన్నట్టు పెద్దపెద్ద అడుగులతో. ఎదురుగా మందుల షాపువాడు షట్టరు దించేశాడు. ఆ చప్పుడుకు నడిచేవాళ్లు కూడా పరుగు అందుకున్నారు.

కంట్రోలర్ బొజ్జ ఊపుకుంటూ లోపలికి వచ్చాడు. రిటైరవడానికి ఏడు నెలలున్న మనిషి, ముఖాన నెత్తుటిచుక్క లేదు.

"ఎవరు చెప్పమన్నారమ్మా నిన్ను? నిన్న నిన్ను తీసుకెళ్లింది ఇందుకా?"

"పొరపాటు సార్. నోరు జారింది."

"ఆ మాట మైకులో చెప్పు. నువ్వు చెబితే ఆగుతారు. చెప్పు తల్లీ, తొక్కిసలాట అవుతుంది."

నిజమే, ఆమె చెబితే ఆగుతారు. వరదలనాడు ఆగారు. అంతా పొరపాటు, భయపడాల్సిందేమీ లేదు అని ఆమె అంటే ఈ జనం మళ్లీ పెట్టెల మీద కూర్చుని టీ తాగుతారు. ఏమీ లేదని చెప్పడానికి మాత్రం ఆమె చేతిలో చీటీ లేదు. మీట నొక్కి, తెలిసినంతవరకే చెప్పే పాత అలవాటు కొద్దీ చెప్పింది.

"దయచేసి ఎవరూ పరిగెత్తకండి. గనుల బస్సు గురించి నేను చెప్పింది పొరపాటు. మరో బస్సు వచ్చాక అది బయలుదేరుతుంది. తదుపరి ఉత్తర్వులు అన్న మాట బస్సులకు సంబంధించింది కాదు."

పరుగైతే ఆగింది. కానీ ఎవరూ తిరిగొచ్చి కూర్చోలేదు. ఎన్నికల శిక్షణకు వెళుతున్న టీచరమ్మ ఒకావిడ, చేతిలో ఫైలుతో అద్దం దగ్గరికి వచ్చి సందులోకి వంగింది. చాలా నెమ్మదిగా అడిగింది.

"బస్సులకు కాకపోతే మరి దేనికమ్మా?"

మైకక్క మైకును అరచేత్తో మూసి తల దించుకుంది. టీచరమ్మ ఫైలును కొంగు కింద దాచుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఆఫీసరు వచ్చాడు. తిడతాడనుకుంది, తిట్టలేదు. చెయ్యి చేసుకుంటాడేమోనని కంట్రోలర్ తలుపు దగ్గరే నిలబడ్డాడు, అదీ జరగలేదు. ఆఫీసరు ఆమె కుర్చీలో కూర్చుని, మైకు మెడ వంచి చూస్తూ, అలసిపోయావు, కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండమ్మా అన్నాడు. ఎన్నాళ్లని కంట్రోలర్ అడిగితే, చెబుతాంలే అన్నాడు. వెళ్లే ముందు ఏదో గుర్తొచ్చినట్టు ఆగి నవ్వాడు.

"నువ్వు ఇంట్లో ఉన్నా మాకు ఇబ్బందేం లేదు. గొంతు మా దగ్గరుందిగా."

ఊళ్లో పాకిన పుకారు విని భర్త అప్పటికే దుకాణం మూసి పరుగున వచ్చాడు. ఇద్దరూ ఇంటిదారి పట్టారు. అప్పుడు ఆమె చెప్పింది. పరుపులు కొట్టిన గది, ఆరు పేజీలు, నాలుగో పేజీ, సంతకం, అన్నీ నడుస్తూనే, కింద రాళ్లను చూస్తూనే చెప్పింది. రోజూ ఏదో ఒకటి ఎకసెక్కెమాడే మనిషి, మా అమ్మకు మాత్రం చెప్పకు అని ఒక్కమాటన్నాడు.

చెప్పుల షాపు దగ్గర నాలుగు వీధుల కూడలికి వచ్చేసరికి స్తంభం మీది స్పీకరు గరగరమంది. తర్వాత ఆమె గొంతు వినిపించింది.

"దయచేసి గమనించండి."

వీధి అంతా నిలబడిపోయింది. మంగలి, సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో వదిలి కత్తితోనే బయటికి వచ్చాడు. పాల క్యాను మోస్తున్న ఆమె క్యాను దించింది. ఎవరో, మైకక్క చెబుతోంది, ఉండండి ఉండండి అన్నారు. అందరి తలలూ స్తంభంవైపు ఎత్తి ఉన్నాయి. ఆ గొంతు ఎవరిదో ఆ మనిషి వాళ్ల మధ్యనే భర్త చెయ్యి పట్టుకుని నిలబడి ఉందని ఒక్కరికీ తెలియదు.

"ఈ రోజు," అంది స్పీకరు. కాస్త ఆగి, "సాయంత్రం," అంది. ఇంకాస్త ఆగి, "ఆరు," అంది. "గంటల నుంచి."

అంతటితో ఆగిపోయింది. పరీక్షించి చూసుకుంటున్నారో, నిజంగానే మొదలైందో తెలియదు. ఆరు గంటల నుంచి ఏమిటి? జనం మిగతా మాట కోసం చూస్తున్నారు. ఆ ముఖాల్లో ఆమెకు భయం కన్నా ముందు నమ్మకం కనబడింది. ఏం చెబితే అది చేస్తారు. నాలుగంటే నాలుగింటికే తలుపు తీస్తారు. అత్తగారు ఇన్నేళ్లూ తిట్టిపోసింది ఇలాంటి గొంతునే. ఎంత కమ్మగా ఉందనీ.

భర్త వేళ్లలోంచి చెయ్యి లాక్కుని ఆమె స్తంభం కిందికి నడిచింది.

"అది నేను కాదు," అంది.

నోట్లోంచి వచ్చింది మైకు గొంతే. ఎదురుగా ఇంతమంది మనుషులుండగా ఆ గొంతు రావడం ఆమె పుట్టాక అదే మొదలు. తలలన్నీ ఒక్కసారి స్తంభం మీంచి కిందికి దిగాయి.

"మైకక్కను నేను. ఆ గొంతు నాదే. నిన్న ఒక గదిలో కూర్చోబెట్టి ముక్కలు ముక్కలుగా చదివించుకున్నారు. వాళ్ల ఇష్టం వచ్చినట్టు అతుక్కుంటారు. ఇక అందులోంచి ఏం వినబడినా నేను చెప్పింది కాదు, నమ్మకండి."

"ఏం చెప్పబోతోందక్కా?" అన్నాడు మంగలి.

"ఆ కాగితంలో ఎన్నికలు ఉంది. వాయిదా ఉంది. ఇళ్లలోంచి రావద్దని ఉంది. కాలుస్తారని కూడా ఉంది. ఏ రోజన్నది రాసి లేదు. నాకు తెలిసింది ఇంతే."

చప్పట్లు కొట్టేవాళ్లు, భేష్ అనేవాళ్లు ఎవరూ లేరక్కడ. పాల ఆవిడ క్యాను ఎత్తుకుని గబగబా సందులోకి పోయింది. ఒకాయన, ఈవిడ మాట విన్నామని కూడా ఎవరికీ చెప్పకండి అంటూ పిల్లను ఎత్తుకున్నాడు. చెప్పుల షాపతను బయట వేలాడదీసిన జతలన్నీ ఒళ్లో వేసుకుంటూ అడిగాడు.

"మరి బస్‌స్టాండులో వినబడేది? రేపు పొద్దున నేను మా అక్కను రేవు బస్సెక్కించాలి. అదీ నమ్మొద్దా?"

అతని మాటలో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడుగుతున్నాడు. పంతొమ్మిదేళ్లలో ఒక్క బస్సు గురించి కూడా ఆమె తప్పు చెప్పలేదు, ఈ పొద్దుటిది తప్ప. ఆ ఒక్క పేరు తప్ప ఆమె సంపాదించుకున్నది మరేదీ లేదు.

"నమ్మొద్దు," అంది మైకక్క. "బస్సు కళ్లబడితేనే ఎక్కించు. నా గొంతు ఎక్కడ వినబడినా నమ్మొద్దు."

భర్త వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కూడలి అవతల ఎక్కడో బండి బ్రేకు వేసిన చప్పుడైంది. అది మామూలు బండో, మైదానంలోంచి వచ్చిందో తిరిగి చూడలేదు ఇద్దరూ. నడువు, నడువు అంటున్నాడు అతను, ఆమెతోనో తన కాళ్లతోనో.

పది అడుగులు వేశారో లేదో వెనక స్తంభం మళ్లీ గరగరమని, ఆమె గొంతుతో, మొదటినుంచి మొదలుపెట్టింది. ఈసారి వీధిలో ఎవరూ ఆగి వినలేదు. తలుపులు పడుతున్నాయి, వాటి వెనక అతను ఆ వారమే బిగించిన గడియలు పడుతున్నాయి. ఏ ముక్క తర్వాత ఏ ముక్క వస్తుందో వినాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయింది గాని, అతను ఆగనివ్వలేదు.